ఆత్రేయి ఎందుకు నడిచింది

మా బ్యాచ్‌లో నన్ను అసలు పేరుతో పిలిచినవాళ్లు తక్కువ. డిగ్రీ రెండో ఏడాది నుంచి నేను మట్టిబెడ్డనే. ఆ పేరు పెట్టింది సంస్కృత నాటకకర్త భవభూతి. మధ్యవర్తి మా సంస్కృతం మాస్టారు.

క్లాసులో ఆయన నాటకం ఉత్తరరామచరితం రెండో అంకం నడుస్తోంది. గురువు తెలివైనవాడికీ మందమతికీ ఒకేలా చదువు చెబుతాడు; ఒకడి గ్రహణశక్తిని పెంచేదీ లేదు, ఇంకొకడికి ఉన్నది ఊడబెరికేదీ లేదు; అయినా ఫలితం దగ్గరకొచ్చేసరికి బోలెడు తేడా అని ఒక శ్లోకం. చివరి పాదం ‘ప్రభవతి శుచిర్బింబగ్రాహే మణిర్న మృదాం చయః’. నిర్మలమైన మణిలో ప్రతిబింబం పడుతుంది, మట్టిముద్దలో పడదు. ‘మణిః’ అన్నప్పుడు మాస్టారు మొదటి బెంచీ వైపు చూశారు. ‘మృదాం చయః’ అన్నప్పుడు ఆ చూపు తిన్నగా వచ్చి నా దగ్గర ఆగింది. కావాలనే చూశారో, నా వెనక కిటికీలోంచి బయటకు చూశారో ఇప్పటికీ తెలియదు. క్లాసు మాత్రం అక్కడికక్కడే తేల్చేసుకుంది.

ఆ సాయంత్రం లైబ్రరీ నుంచి తెచ్చుకున్న ప్రతిలో ఆ శ్లోకం మీద పెన్సిల్‌తో అడ్డంగా గీతలు కొట్టాను. పరీక్షలో సరిగ్గా అదే వచ్చింది. ఛాయిస్‌లో వదిలేశాను.

ఇరవై ఏళ్ల తర్వాత, నేనూ పాఠాలు చెప్పుకుని బతుకుతున్న రోజుల్లో, ఇల్లు మారుతుంటే అట్టపెట్టెలో ఆ పుస్తకం బయటపడింది. ఈసారి నా కళ్లు శ్లోకం కన్నా ముందు దాని పక్కనున్న పాత్ర పేరు మీద పడ్డాయి. ఆత్రేయి. ఆవిడ వాల్మీకి ఆశ్రమంలో చదువుకుంటున్న తాపసి. అక్కడి నుంచి బయల్దేరి, అగస్త్యుడు మొదలైనవాళ్ల దగ్గర వేదాంతం నేర్చుకుందామని దండకారణ్యంలో నడిచిపోతోంది. దారిలో వనదేవత వాసంతి ఎదురై, మిగతా మునులంతా చదువుకోవడానికి వాల్మీకి దగ్గరికే పోతుంటే నువ్వేమిటి ఇంత దూరం వచ్చావని అడుగుతుంది. అక్కడ చదువు సాగడం లేదు, అంటుంది ఆత్రేయి. కారణం ఇద్దరు పిల్లలు, కుశలవులు. గర్భం నుంచి లెక్కపెట్టి పదకొండో ఏట ఉపనయనం చేసి, వాళ్లకు వేదం మొదలుపెట్టాడు వాల్మీకి. అంత చురుకైన బుర్రలతో మాలాంటివాళ్లు కలిసి చదవడం కుదిరే పని కాదు, అని చెప్పి అప్పుడు అంటుంది ఆ శ్లోకం.

అంటే మణి గురించీ మట్టి గురించీ చెబుతున్నది గురువు కాదు, మొదటి బెంచీ కాదు. క్లాసులో వెనకబడిపోయిన మనిషి. అదీ తన గురించే. ఎవరినీ ఎత్తిపొడవకుండా, పిల్లల మీద అసూయ లేకుండా, గురువు మీద నింద లేకుండా. నాకైతే పుస్తకం మూసేసి కాసేపు కూర్చోవాల్సి వచ్చింది. ఆ మాట అన్న మనిషి చదువు మానేసి ఇంటికి పోవడం లేదు, ఇంకో గురువును వెతుక్కుంటూ అడవి దాటుతోంది. పద్దెనిమిదేళ్ల వయసులో ఇది నాకెవరైనా చెప్పి ఉంటే? చెప్పే ఉంటారు. నేను గీతలు కొడుతూ ఉండి ఉంటాను.

ఆవిడ చెప్పే రెండో కారణం ఇంకా సొగసుగా ఉంటుంది. తమసా తీరంలో క్రౌంచపక్షిని బోయవాడు కొట్టడం, నోటివెంట శ్లోకం రావడం, బ్రహ్మ వచ్చి రాముడి చరిత్ర రాయమనడం అయ్యాక వాల్మీకి రామాయణంలో పడిపోయాడు. గురువుగారు పుస్తకం రాసుకుంటున్నారు, పాఠాలకు తీరిక లేదు! పరిశోధక విద్యార్థుల్లో ఈ వాక్యం చదివి నవ్వనివాడు నాకింకా తగల్లేదు. ఎనిమిదో శతాబ్దపు కవికి మన డిపార్ట్‌మెంట్ల సంగతి ఎలా తెలిసిందో మరి.

నాలుగో అంకానికొస్తే అతిథులు దిగారు, ఆశ్రమానికి సెలవు. సౌధాతకి అనే శిష్యుడు ఆ నెరిసిన గడ్డాలకు స్వాగతం పలికేది వాటివల్ల పాఠాలు ఆగినందుకే. ఇన్‌స్పెక్షన్ రోజున మనం పడ్డ సంబరం ఇదే కదా. ఆ అంకం చివర్లో పిల్లలు పరుగెత్తుకొచ్చి, గుర్రం గుర్రం అంటారే, దాన్ని ఇప్పుడే కళ్లారా చూశామని లవుడికి చెబుతారు. లవుడు దాన్ని గ్రంథాల్లో చదివాడు, అంతే. ఎలా ఉందో చెప్పమంటాడు. వెనక పెద్ద తోక, దాన్ని అస్తమానం ఊపుతూనే ఉంటుంది, పొడుగు మెడ, గిట్టలు నాలుగే, గడ్డి తింటుంది, మామిడికాయలంత లద్దెలు వేస్తుంది, అని వర్ణన. తీరా చూశాక అది అశ్వమేధపు గుర్రమని లవుడే పోల్చుకుని, మూర్ఖుల్లారా, ఆ యాగాన్ని చెప్పే వేదకాండ మీరూ చదివారు కదా అని కసురుతాడు. నిజమే, ఒకే గురువు, ఒకే పాఠం, చదివినదాన్ని చూసినదానికి అతకగలిగినవాడు లవుడొక్కడే. ఇక్కడ నేను మట్టిబెడ్డల పక్షం. కబురు మోసుకొచ్చింది వాళ్లు. లద్దె సైజు చెప్పగలిగింది వాళ్లు. ఏ కాండలోనైనా ఉంటుందా అది?

కాళిదాసు మాళవికాగ్నిమిత్రంలోనూ గురుశిష్యుల గొడవ ఉంది. గణదాసు, హరదత్తుడు అనే ఇద్దరు నాట్యాచార్యులు ఎవరు గొప్పో తేల్చమని రాజు దగ్గరికి పోతారు. రాజుకు కావలసింది గణదాసు శిష్యురాలు మాళవికను చూడటం. ఆమె ఆట అయిపోతుంది, మధ్యాహ్నమవుతుంది, హరదత్తుడి వంతు రేపటికి పోతుంది. సెమినార్లలో చివరి వక్తగా చాలాసార్లు నేను హరదత్తుణ్ణి. గణదాసు మాట ఒకటి మాత్రం దాచుకున్నాను: నేను నేర్పిన ప్రతిదాన్నీ ఆ పిల్ల నాకంటే బాగా చేసి, తిరిగి నాకే నేర్పుతున్నట్టుంటుంది అంటాడు. పాఠం చెప్పే మనిషికి అలాంటి రోజులు ఏడాదికి రెండో మూడో తగులుతాయి.

మాస్టారిని అడగాల్సింది అడగకుండానే ఏళ్లు గడిచిపోయాయి, ఆయన వెళ్లిపోయారు. పుస్తకం మాత్రం ఉంది. లోపల మన కాలేజీ లైబ్రరీ ముద్ర, దాని కింద గడువు తేదీ. ఈ సంచిక ఆవిష్కరణకు వచ్చేటప్పుడు తీసుకొస్తాను. పెన్సిల్ గీతలు రబ్బరుతో చెరిపాను, ముప్పావువంతు పోయాయి. జరిమానా లెక్క కట్టే బాధ్యత దయచేసి మొదటి బెంచీవాళ్లకు ఇవ్వకండి.