టమాటలు నేను అమ్మలే, కొన్న

ఇయ్యాల ఆదివారం. పొద్దుగాల చాయ్ తాగుకుంట ఫోన్ల లోజ్బాన్ అని మనుషులు కావాలని తయారు చేసిన ఒక భాష పదాలు తిప్పుతుంటే బాపమ్మ వచ్చి టమాటలు అయిపోయినయ్, మార్కెట్‌కు పోయి రా బిడ్డా అన్నది. కాజీపేటల ఆటో ఎక్కిన.

ఆటోల కూసుంటే నాకొక పిచ్చి ఉన్నది, ఏడికి పోతున్ననో మనసుల ఆ భాషల అనుకునుడు. పోవుడును అందుల క్లామ అంటరు, దానికి ఐదు సీట్లు. మొదటి దాంట్ల పోయేటోడు, రెండో దాంట్ల పోయే ఊరు, మూడోది బయల్దేరిన జాగ, నాలుగోది దారి, ఐదోది బండి. మనకున్నట్టు కు, నుంచి, మీదికెళ్లి అని తోకలు అక్కర్లేదు, ఎవరు ఏ నంబర్ సీట్ల కూసున్నరో అదే అర్థం. నేను, హన్మకొండ, కాజీపేట, ఫాతిమానగర్, ఆటో. అంతే, అయిపోయింది. కాకపోతే హన్మకొండ కాడ ఇరుక్కున్న, అక్కడ పేరు మాట హల్లు మీదనే ఆగాలె, కాజీపేట్ అంటే నడుస్తది గానీ హన్మకొండకు ఎనుక ఒక 'స్' అతికియ్యాలె. హన్మకొండస్! మన తెలుగేమో అచ్చు లేంది ఆగనే ఆగదాయె.

1955ల జేమ్స్ కుక్ బ్రౌన్ అనేటాయన లోగ్లాన్ అని మొదలువెట్టిండు, భాష మారితే మనిషి ఆలోచన మారుతదా చూద్దామని. దాంట్లకెళ్లి విడిపోయి 1987ల లోజ్బాన్ అయింది, 1997ల వ్యాకరణం పుస్తకం వచ్చింది. మూల పదాలు 1,300 పైన, అన్నిటికీ సీట్లు ముందే రాసిపెట్టి ఉన్నయ్. గడగడ మాట్లాడేటోళ్లు మాత్రం మస్తు తక్కువ. ఎందుకో నాకు సాయంత్రం సమజైంది.

నిజామాబాద్ల ఉండే దోస్తు ఫోన్ చేసిండు, వారానికోసారి పది నిమిషాలు లోజ్బాన్లనే మాట్లాడాలని మా ఒప్పందం. ఇయ్యాల ఏం చేసినవ్ రా అంటే నేను ధైర్యంగ "మి వెష్ను లో తమ్‌శ" అన్న. వాడు నవ్వుడే నవ్వుడు. ఎప్పటిసంది టమాటలు అమ్ముతున్నవ్ రా అన్నడు. నిజమే, వెష్నుల మొదటి సీటు అమ్మేటోనిది, రెండోది సరుకుది, మూడోది కొనేటోనిది, నాలుగోది ధరది. కొన్న అనాలంటే ముందు 'తె' అని వెట్టి ఒకటో సీటు, మూడో సీటు మార్చుకోవాలె. ఇది నాకు తెల్వక కాదు, పేపర్ మీద అడిగితే నిద్రల లేపినా చెప్త. నోరు తెరిచేసరికి మాత్రం సీట్ నంబర్ యాదికి రాదు.

అదే మార్కెట్ నుంచి రాంగనే బాపమ్మ ఏమన్నది? "తెచ్చినవా?" "తెచ్చిన." "ఎంతకిచ్చిండు?" "ముప్పైకి." ఎవరు, ఏంది, ఎవరికి అని ఒక్క సీటు కూడ నింపలే, సీదా ధర సీటు మీదికే పోయింది. మళ్లా చూడు, ఇచ్చిండు అన్నది, అమ్మిండు అనలే. లోజ్బాన్ల ఇచ్చుడు అంటే దుండ, దానికి మూడే సీట్లు, అది కూడ పైసల్లేకుంట ఇచ్చుడు, అంటే బాపమ్మ మాట అక్కడ పొసగనే పొసగదు. ఇక్కడేమో "నాకు ముప్పైకి ఇచ్చిండు" అంటే రెండు కు లు వచ్చినయ్, ఒకటి మనిషికి ఒకటి పైసలకు, ఎవ్వడూ గడబడ వడడు.

ఫోన్ వెట్టేసినంక బాపమ్మ అడిగింది. "ఎవనితోటి రా గంతసేపు?" దోస్తుతోటి అన్న. "దేని గురించి?" "టమాటల గురించి." "ఏం భాషరా అది?"

మాట్లాడుడుకు లోజ్బాన్ల తవ్ల అంటరు, మొదటిది మాట్లాడేటోడు, రెండు వినేటోడు, మూడు సంగతి, నాలుగు భాష. ముసల్ది నన్ను ముంగట కూసోవెట్టుకోని మిగిలిన మూడూ వరుస తప్పకుంట అడిగింది.