బ్రాడ్‌వే నుంచి హార్లెం దాకా, కోర్నెల్ వెస్ట్ దారిలో

న్యూయార్క్‌లో బ్రాడ్‌వే అంటే చాలామందికి టైమ్స్ స్క్వేర్ దీపాలు, నాటకశాలలే గుర్తొస్తాయి. ఆ రోడ్డే ఉత్తరంగా సాగి 116వ వీధి దగ్గర కొలంబియా యూనివర్సిటీ గేటు ముందు నుంచి పోతుంది. అక్కణ్ణుంచి నల్లవాళ్ల పేటగా పేరుపడ్డ హార్లెం దాకా నడవాలని నాకు ఎప్పట్నుంచో కోరిక. కారణం అమెరికా నల్లజాతి తత్వవేత్త, ప్రొఫెసర్ కోర్నెల్ వెస్ట్. న్యూజెర్సీలో ఉండే మా అబ్బాయి, "స్టాచ్యూ ఆఫ్ లిబర్టీకి వెళ్దామమ్మా, బాగుంటుంది" అన్నాడు గానీ చివరికి నా మాటే నెగ్గింది.

కొలంబియాలో 'లో' (Low) లైబ్రరీ అనే భవనం మెట్ల మీద కాసేపు కూర్చున్నాం. అంబేడ్కర్ 1913 నుంచి 1916 దాకా చదివింది ఈ యూనివర్సిటీలోనే. ఆ సంగతి తలుచుకుంటే ఎవరికైనా ఒళ్లు పులకరిస్తుంది, నాకూ అంతే.

నాలుగడుగులు పైకి నడిస్తే బ్రాడ్‌వే పక్కనే యూనియన్ థియలాజికల్ సెమినరీ అనే క్రైస్తవ మత విద్యాలయం. కోటగోడల్లాంటి రాతి కట్టడం, మూలన ఎత్తైన బురుజు. వెస్ట్ కుర్రవాడిగా 1977లో పాఠాలు మొదలుపెట్టింది ఇక్కడే. ఆ తర్వాత హార్వర్డ్, ప్రిన్స్‌టన్ తిరిగి 2021లో మళ్లీ ఇక్కడికే చేరారు. 1953లో ఓక్లహోమాలోని టల్సాలో పుట్టి, కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో పెరిగిన మనిషి. తాతగారు బాప్టిస్టు పాస్టరు. అందుకేనేమో ఆయన ఉపన్యాసం సగం తత్వశాస్త్రం, సగం చర్చి ప్రసంగం. నల్ల త్రీపీస్ సూటు, మెడలో స్కార్ఫ్, ఎదుటివాళ్లు ఎవరైనా సరే "బ్రదర్", "సిస్టర్" అనే పిలుపు. తనను తాను మేధోలోకపు బ్లూస్ (అమెరికా నల్లవాళ్ల విషాద సంగీతం) గాయకుణ్ణి అని చెప్పుకుంటారు.

ఒక డాక్యుమెంటరీలో ఆయన కారు వెనక సీట్లో కూర్చుని, ఈ నగరపు వీధుల్లో పోతూనే, మరణం గురించీ సత్యం గురించీ బ్లూస్ సంగీతం గురించీ ఒకే ఊపిరిలో మాట్లాడతారు. అది చూసిన రోజునుంచే ఈ వీధులు చూడాలన్న కోరిక పుట్టింది. మా వాడికి మాత్రం ఆయన ముఖం మరోలా పరిచయం. 2003లో వచ్చిన రెండు మాట్రిక్స్ సినిమాల్లోనూ జయాన్ నగరపు పెద్దల సభలో కనిపిస్తారు కదా. ఆయన రాతలు చదివిన దర్శకులు ఆయన కోసమే ఆ పాత్ర రాశారని చెబితే మావాడు నిలబడిపోయాడు.

సెమినరీ వెనకే రివర్‌సైడ్ చర్చి. వియత్నాం యుద్ధాన్ని ఖండిస్తూ మార్టిన్ లూథర్ కింగ్ 1967 ఏప్రిల్ 4న మాట్లాడింది అక్కడ. సరిగ్గా ఏడాదికి, అదే తేదీన ఆయన్ని చంపేశారు.

అక్కణ్ణుంచి దిగువకు నడిస్తే 125వ వీధి. భూగర్భంలో వచ్చిన రైలు ఇక్కడ ఇనుప వంతెన మీదికెక్కి తల మీద గడగడలాడుతుంది. తూర్పుగా పోతుంటే అగరొత్తుల వాసన, బుట్టల్లో షియా బటర్ డబ్బాలు, స్పీకర్లలో పాటలు. అపోలో థియేటర్ బోర్డు కింద ఆగాం. ఫుట్‌పాత్‌లో కంచు ఫలకాలు పొదిగారు. వంగి చదివాను: ఎల్లా ఫిట్జ్‌గెరాల్డ్, జేమ్స్ బ్రౌన్, అరీతా ఫ్రాంక్లిన్. మార్కెట్ సంచులతో పోయేవాళ్లు వాటి మీంచే నడుస్తున్నారు. పదిహేడేళ్ల ఎల్లా 1934లో ఇక్కడ ఔత్సాహికుల పోటీకి నాట్యం చేద్దామని వచ్చి, చివరి నిమిషంలో మనసు మార్చుకుని పాట పాడి గెలిచింది. ఈ పోటీలో బాగా పాడకపోతే జనం అరిచి దింపేస్తారు. ఏ యూనివర్సిటీ పరీక్షా ఇంత కఠినంగా ఉండదు! నల్లవాళ్ల సంగీతాన్ని వెస్ట్ కాలక్షేపంగా ఎందుకు చూడరో, దాన్ని దుఃఖాన్ని తట్టుకునే జ్ఞానం అని ఎందుకంటారో ఆ ఫలకాల దగ్గర నాకు బాగా అర్థమైంది.

2001లో ఆయన ఒక సంగీత ఆల్బమ్ చేశారు. హార్వర్డ్ అధ్యక్షుడితో వచ్చిన గొడవలో ఆ ఆల్బమ్ ప్రస్తావన కూడా వచ్చింది. మరుసటి ఏడాదే ప్రిన్స్‌టన్‌కు వెళ్లిపోయారు. ప్రొఫెసర్‌కు పాటలెందుకని ఆక్షేపించినవాళ్ల మాట నాకు ఏనాడూ మింగుడు పడలేదు. "మా భూమి" సినిమాలో గద్దర్ తెర మీదికొచ్చి పాడితే ఉద్యమం చిన్నబోయిందా? వెస్ట్ గొప్ప గాయకుడేం కాదు, వాద్యాల మధ్య ప్రసంగం చేస్తారంతే. అయినా అమెరికా పాప్ గాయకుడు ప్రిన్స్ లాంటివాళ్లు పాలుపంచుకున్న 2007 ఆల్బమ్‌లో, ర్యాప్ పాటల్లో ఆడవాళ్లను కించపరచడాన్ని ఆ ర్యాప్ వేదిక మీదే నిలదీశారు. బయట కూర్చుని తిట్టడం సులువు. లోపలికెళ్లి అడగడానికి ప్రేమా ఉండాలి, ధైర్యమూ ఉండాలి.

కాళ్లు లాగుతున్నా 138వ వీధిలోని అబిసీనియన్ బాప్టిస్టు చర్చి దాకా వెళ్లాం. యూనియన్‌లో చదవడానికి 1930లో జర్మనీ నుంచి వచ్చిన క్రైస్తవ మతాచార్యుడు డీట్రిష్ బోన్‌హోఫర్ ఈ చర్చికి అలవాటుపడి, పిల్లలకు బైబిల్ పాఠాలు చెప్పాడు. ఇక్కడి భక్తిగీతాల గ్రామఫోన్ రికార్డులు తన దేశానికి పట్టుకెళ్లి శిష్యులకు వినిపించాడు. తర్వాత హిట్లర్‌ను ఎదిరించి 1945లో ఉరికంబమెక్కాడు. 2021లో యూనియన్‌కు తిరిగొచ్చిన వెస్ట్‌కు ఇచ్చిన ఆచార్య పీఠం బోన్‌హోఫర్ పేరు మీదిదే.

తలుపులు మూసి ఉన్నాయి. ఆదివారం పొద్దున్నే వస్తే ప్రార్థనలో గాయక బృందం పాట వినొచ్చన్నాడు మా వాడు. వద్దామన్నాను.