ఎర్ర బోయా ఏ పక్కన ఉండాలి?

డిసెంబరు చివర్లో చెన్నై వెళ్లినప్పుడు మావయ్య నన్ను తన స్నేహితుడి తెరచాప పడవలో సముద్రం మీదికి తీసుకెళ్లారు. మావయ్యది నెల్లూరు. ఓడల్లో ఆఫీసరుగా చేసి, రిటైరయ్యాక తొండియార్‌పేటలో స్థిరపడ్డారు. పడవ చెన్నై పోర్టు లోపలి నుంచే బయల్దేరింది. 1911లో మొదలైన రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ ఉండేది కూడా అక్కడే. పోర్టు కంట్రోల్‌కి రేడియోలో చెప్పి, వాళ్లు సరేనన్నాకే కదిలాం.

పోర్టు దాటి బయటికి రాగానే దారికి ఒక పక్క ఎర్ర బోయాలు, ఇంకో పక్క పచ్చవి కనిపించాయి. బోయా అంటే ఓడలకు దారి చూపడానికి గొలుసుతో కట్టి నీళ్ల మీద తేల్చిన గుర్తు.

"ఎర్రది ఏ పక్కనుంది?" అన్నారు మావయ్య.

"కుడి పక్కన మావయ్యా."

"మనం బయటికి పోతున్నాం కాబట్టి కుడి. రంగు తర్వాత చూద్దువు గానీ, ముందు ఎటు పోతున్నావో తేల్చుకో."

బోయాల లెక్కంతా సముద్రం నుంచి రేవులోకి వచ్చే దిక్కు మీద నడుస్తుంది. మన దేశంలో లోపలికి వచ్చేటప్పుడు ఎరుపు ఎడమ పక్కన, పచ్చ కుడి పక్కన ఉంటాయి. బయటికి పోయేటప్పుడు తారుమారు. అమెరికా ఖండాల్లో, జపాన్, దక్షిణ కొరియా, ఫిలిప్పీన్స్‌లలో రంగులే తారుమారు. ఆకారాలు మాత్రం ఎక్కడైనా ఒకటే: ఎడమది డబ్బాలా, కుడిది పైకి మొన తేలిన శంఖువులా ఉంటుంది. మరి ఒడ్డు వెంబడి పోతుంటే లోపలేది, బయటేది? అలాంటి చోట భూభాగం చుట్టూ గడియారం ముల్లు తిరిగే దిక్కును తీసుకుంటారు. చార్టు (సముద్రపు పటం) మీద బాణం గుర్తు వేసి ఉంటుంది.

ఈ లెక్క మీద దేశాలు ఒప్పందానికి వచ్చేలోపు ప్రాణాలే పోయాయి. 1971 జనవరిలో ఇంగ్లండ్, ఫ్రాన్స్‌ల మధ్య ఉన్న డోవర్ జలసంధిలో టెక్సాకో కరీబియన్ అనే ట్యాంకర్ మునిగింది. మర్నాడే బ్రాండెన్‌బర్గ్ అనే ఓడ దాని శిథిలాలకు తగిలి మునిగింది. గుర్తులు పెట్టాక కూడా ఫిబ్రవరిలో నికి అనే ఓడ అక్కడే మునిగిపోయింది. మొత్తం 51 మంది చనిపోయారు. అప్పట్లో ప్రపంచంలో ముప్పైకి పైగా బోయా పద్ధతులుండేవి. వాటిని కలిపి రెండు ప్రాంతాలుగా పంచుకోవడానికి 1980లో టోక్యోలో ఒప్పుకున్నారు. రెండు కాకుండా ఒకటే అయ్యుంటే ఎంత బాగుండేదో అనిపించింది.

నాకు బాగా నచ్చినవి దిక్కుల బోయాలు. ఆ రోజు మాకు ఒక్కటీ ఎదురుకాలేదు గానీ మావయ్య కాగితం మీద గీసి చూపించారు. పసుపు, నలుపు పట్టీలు, పైన రెండు నల్ల శంఖువులు. ఉత్తరం బోయా అంటే, దానికి ఉత్తరంగా పో, ప్రమాదం దక్షిణాన ఉందని. శంఖువుల మొనలు నలుపు ఎక్కడుందో చూపిస్తాయి. రెండూ పైకి ఉంటే నలుపు పైన, అది ఉత్తరం. రెండూ కిందికి ఉంటే దక్షిణం. పైది పైకి, కిందిది కిందికి ఉంటే పైనా కిందా నలుపు, అది తూర్పు. మొనలు ఎదురెదురుగా ఉంటే నడుమ నలుపు, అది పడమర. రాత్రయితే తెల్ల లైటు తూర్పుకు 3 సార్లు, దక్షిణానికి 6 సార్లు వెలిగి ఆపైన ఒక పొడుగు వెలుగు, పడమరకు 9 సార్లు. ఉత్తరానిది ఆగకుండా మిణుకుతూనే ఉంటుంది. నగరం లైట్లు వెనక వెలుగుతుంటే బోయా లైటును పోల్చుకునేది ఈ లెక్కతోనే.

తిరిగొచ్చేటప్పుడు గాలి ఈశాన్యం నుంచి వీస్తోంది, నీళ్లు దక్షిణానికి పోతున్నాయి. గాలికి అది వచ్చే దిక్కు పేరు, నీటి ప్రవాహానికి అది పోయే దిక్కు పేరు. ఎర్ర బోయా దక్షిణానికి ఒరిగి ఉంది. దాని వెనక నీళ్లు చారలు కట్టాయి. మావయ్య స్నేహితుడు పడవ ముక్కును కాస్త ఉత్తరానికి తిప్పి పట్టుకున్నారు.

"బోయానే పూర్తిగా నమ్మొచ్చా మావయ్యా?"

"తుఫానుకి గొలుసు జరిగుంటుంది, లైటు ఆరిపోయుంటుంది. ఒడ్డు మీద కదలనిది ఏదుందో చూడు."

నైరుతి వైపు ఎరుపు తెలుపు పట్టీలతో మెరీనా లైట్‌హౌస్ కనిపిస్తోంది. దిక్సూచి నా చేతికిచ్చి దాని దిక్కు చదవమన్నారు, చార్టు మీద గీత గీశారు. ఇంకో గుర్తు నుంచి ఇంకో గీత. రెండు గీతలు కలిసిన చోట మేమున్నాం, బోయా కూడా చార్టులో ఉండాల్సిన చోటే ఉంది.