స్టాండ్ బై

నవంబరు మొదటి వారంలో ఒకరోజు బడి వదిలాక మ్యూజిక్ టీచర్ నా గది గుమ్మం దగ్గర ఆగి, "ఈ ఏడు పిల్లల మ్యూజికల్‌కి స్టేజ్ మేనేజర్‌గా ఉంటారా?" అని అడిగారు. మ్యూజికల్ అంటే పాటలతో నడిచే నాటకం, స్టేజ్ మేనేజర్ అంటే తెర వెనకనుంచి దాన్ని నడిపే మనిషి.

అప్పటికి నేను అమెరికా వచ్చి పదిహేను నెలలు. నార్త్ కరోలినాలో ఒక మిడిల్ స్కూల్లో ఏడో తరగతికి లెక్కలు చెబుతున్నాను. వచ్చింది జె-1 వీసా మీద. మూడేళ్ల గడువు, బడి కోరితే మరో ఏడాదో రెండేళ్లో పొడిగింపు, ఆ తర్వాత సామాను సర్దుకోవాల్సిందే. వచ్చేనాడే పోయే తేదీ తెలిసిన ఉద్యోగంలో ఎవరైనా ఒదిగే ఉంటారు. నేను ఒదగడానికి ఇంకో కారణం కూడా ఉంది. నా నోట 'జ', ఇంగ్లీషు జెడ్ రెండూ ఒకేలా వస్తాయి. లెక్కల టీచర్ పొద్దుటినుంచి సాయంత్రం దాకా 'జీరో' అనకుండా గడవదు. అన్నప్పుడల్లా వెనక బల్లలనుంచి "వాట్, మిస్?" అని వినపడేది. వెటకారం కాదు, పిల్లలకు నిజంగానే అర్థమయ్యేది కాదు. అయినా రోజుకు పదిసార్లు ఆ ప్రశ్న వింటే మాటలు వాటంతటవే తగ్గిపోతాయి. నోటితో చెప్పాల్సింది బోర్డు మీద రాయడం అలవాటైపోయింది.

అలాంటి నన్ను స్టేజ్ మేనేజర్‌గా ఎందుకు అడుగుతున్నారని ఆవిడనే అడిగాను. "మీ లెసన్ ప్లాన్లు చూశాను. పాఠంలో ఏ నిమిషానికి ఏం జరగాలో రాసుకుంటారు. నాకు కావలసింది అలాంటి మనిషే" అన్నారు. సరేనన్నాను.

ఇక్కడ బడిలో మ్యూజికల్ వెయ్యడమంటే పాటల పుస్తకం తెచ్చుకుని మొదలుపెట్టడం కాదని మొదటి వారంలోనే తెలిసింది. నాటకానికి లైసెన్స్ కొనాలి. పాఠంలో భాగంగా క్లాసులో ఒక సన్నివేశం వేసుకుంటే ఫరవాలేదు కానీ, ఆడిటోరియంలో జనం ముందు వేస్తే, టికెట్ పెట్టకపోయినా సరే, అనుమతి ఉండి తీరాలి. ఇలాంటి లైసెన్సులిచ్చే పెద్ద సంస్థల్లో ఒకటి మ్యూజిక్ థియేటర్ ఇంటర్నేషనల్. ఫ్రాంక్ లెసర్ అనే స్వరకర్త, డాన్ వాకర్ అనే ఆర్కెస్ట్రేటర్ (పాటను వాద్యాలకు పంచి రాసే మనిషి) కలిసి 1952లో మొదలుపెట్టారు. పెద్దవాళ్ల మ్యూజికల్స్‌ని మిడిల్ స్కూల్ పిల్లల కోసం గంటకు కుదించిన రూపాలు, ఎలిమెంటరీ పిల్లలకైతే అరగంటవి, వాళ్ల దగ్గర ఉంటాయి. పిల్లల గొంతుకు సరిపడే శ్రుతిలో పాటలు, వాద్యకారులు లేకపోయినా నడిచేలా రికార్డు చేసిన సంగీతం, డైరెక్టర్‌కి మార్గదర్శి, పిల్లలకు తలో పుస్తకం పంపిస్తారు. అనుమతి లేకుండా ఒక్క మాట మార్చకూడదు. ఇలా అన్నీ సిద్ధంగా రావడం వల్లనే మా బడిలాంటి చోట, ఒకే ఒక్క మ్యూజిక్ టీచర్ ఉన్నచోట, ఈ పని సాధ్యమవుతుంది.

ఆడిషన్లు రెండు రోజులు జరిగాయి. ముందురోజు అందరినీ కూర్చోబెట్టి ఒకే పాటలో పదహారు బార్ల ముక్క నేర్పారు. బార్ అంటే పాటలో ఒక తాళం కొలత. మర్నాడు ఒక్కొక్కరే వచ్చి ఆ ముక్క పాడాలి, తర్వాత స్క్రిప్ట్‌లోంచి అరపేజీ చదవాలి. ఆ అరపేజీని 'సైడ్' అంటారు. ఫారంలో పేరు, తరగతి, ఏ పాత్ర ఇచ్చినా చేస్తారా అన్న ప్రశ్న, ఏయే రోజుల్లో రిహార్సల్‌కి రాలేరో రాసే పట్టిక ఉన్నాయి. చివర ఒక వరుస: రిహార్సల్ అయ్యాక ఇంటికి ఎలా వెళ్తారు?

మొత్తం 62 మంది వచ్చారు. ముగ్గురం బల్ల వెనక కూర్చున్నాం. పాట, గొంతు వినపడే తీరు, హావభావం, చదవడం, ఒక్కోదానికి ఐదు మార్కులు. నేను టైం చూసి పేర్లు పిలవాలి, మార్కులు కూడా వెయ్యాలి. పిల్లల గురించి క్లాసులో ఏడాదికి తెలియనిది ఆ రెండు నిమిషాల్లో తెలుస్తుంది. లెక్కల్లో ఎప్పుడూ చెయ్యెత్తే అమ్మాయి చేతులు వణికాయి. క్లాసులో కుదురుగా కూర్చోని పిల్లాడు సంగీతం మొదలవగానే నిటారుగా నిలబడ్డాడు.

రెండోరోజు దాదాపు ఆఖరున ఒక అబ్బాయి వచ్చాడు. ఏడో తరగతి, నా మూడో పీరియడ్‌లో ఉంటాడు. ఇంట్లో స్పానిష్. ఈ దేశం వచ్చి ఏడాది దాటింది, ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ల క్లాసుకు విడిగా వెళ్తాడు. క్లాసులో వాడి గొంతు నేను నాలుగైదుసార్ల కంటే ఎక్కువ వినలేదు. పదహారు బార్లు పాడాడు. మ్యూజిక్ టీచర్ పెన్ను కింద పెట్టేశారు. పాటకు ముగ్గురమూ ఐదు వేశాం. తర్వాత సైడ్ చేతికిచ్చాం. మొదటి వాక్యంలో రెండో మాట దగ్గర ఆగాడు. వేలితో అక్షరాలు కూడబలుక్కున్నాడు. వాక్యం పూర్తయ్యేసరికి మెడ దాకా ఎర్రబడ్డాడు. "థ్యాంక్యూ" అన్నాం, వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం ఎవరిని కాల్‌బ్యాక్‌కి, అంటే రెండో విడత ఆడిషన్‌కి, మళ్లీ పిలవాలో లెక్క తేల్చుతుంటే వాడి కాగితం కోరస్ (గుంపులో పాడేవాళ్ల) కుప్పలోకి వెళ్లింది. పాటకు ఐదు, చదవడానికి ఒకటి. న్యాయంగానే వెళ్లింది, మార్కులు అలానే ఉన్నాయి. నేను ఆ కాగితం మళ్లీ తీశాను. పదిహేను నెలల్లో స్టాఫ్ మీటింగుల్లో నేను నోరు తెరిచింది తక్కువ. కానీ అప్పుడు చెప్పాను: "మనం కొలిచింది నటన కాదు, ముందెప్పుడూ చూడని ఇంగ్లీషు చదవడం. కాల్‌బ్యాక్ సైడ్‌లు ఈ రాత్రే ఇచ్చి పంపిద్దాం. వాడొక్కడికే కాదు, అందరికీ." యాస వల్ల ప్రేక్షకులకు అర్థం కాదేమోనని సాయానికి వచ్చిన ఒక తల్లి అనుమానపడ్డారు. ఆ మాట నాకు గుచ్చుకుంది. మ్యూజిక్ టీచర్ కాసేపు ఆలోచించి, "ఆ కథలో ఊరివాళ్లందరూ ఒకేలా మాట్లాడతారని ఎక్కడా రాయలేదు కదా" అన్నారు.

కాల్‌బ్యాక్‌కి వాడు కాగితం తేలేదు. మొత్తం కంఠతా వచ్చేసింది. వాడి మాటలే కాదు, ఎదుటి పాత్ర మాటలు కూడా.

క్యాస్ట్ లిస్ట్, అంటే ఎవరికి ఏ పాత్రో చెప్పే జాబితా, శుక్రవారం ఆఖరి గంట కొట్టాకే అంటించారు. పాత్ర రానివాళ్లు ఆ బాధను రెండురోజులు ఇంట్లో, తమవాళ్ల మధ్య పడాలని. ఈ పద్ధతి నాకు చాలా నచ్చింది. 45 మంది వేదిక మీదికి, మిగతావాళ్లలో ఇష్టపడినవాళ్లు తెర వెనక్కి. ఆ అబ్బాయికి దుకాణదారు పాత్ర వచ్చింది: తొమ్మిది వాక్యాలు, ఒక చరణం ఒంటరిగా పాడటం.

సంబరపడేలోపే ఫారంలోని చివరి వరుస అడ్డొచ్చింది. అక్కడ వాడు ఏమీ రాయలేదు. వాళ్లమ్మ సాయంత్రం షిఫ్టు, రిహార్సల్ ముగిసేది ఐదింటికి. మా బడి నియమాల ప్రకారం టీచర్లు పిల్లల్ని తమ కార్లలో ఎక్కించుకోకూడదు. ఆటలాడే పిల్లల కోసం మంగళ, గురువారాల్లో ఆలస్యంగా వెళ్లే యాక్టివిటీ బస్సు ఒకటుంది. ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లి నాటకం పిల్లలకూ అందులో చోటివ్వమని అడిగాను. తొమ్మిది మంది పిల్లలకు ఆ బస్సు అవసరమని అప్పుడు తేలింది. రిహార్సల్ రోజులు మంగళ, గురువారాలకే మార్చాం. ప్రతిభ గురించి ఎంతైనా మాట్లాడుకోవచ్చు, ఇంటికి చేర్చే బస్సు లేకపోతే ఆ తొమ్మిది మందీ నాటకంలో ఉండేవాళ్లు కాదు.

డిసెంబరు నుంచి బ్లాకింగ్. ఎవరు ఎప్పుడు ఎక్కడినుంచి వచ్చి ఎక్కడ నిలబడాలో ఖాయం చెయ్యడం. స్టేజ్ లెఫ్ట్ అంటే ప్రేక్షకులవైపు తిరిగి నిలబడ్డ నటుడి ఎడమ. వేదిక వెనకభాగాన్ని అప్‌స్టేజ్ అంటారు, పాతకాలంలో వేదికలు వెనక్కి పోయేకొద్దీ ఎత్తుగా ఉండేవి కాబట్టి. పిల్లలు కుడిఎడమలు తికమకపడుతుంటే నాకు వచ్చిన విద్యే వాడాను. వేదిక అంచున టేప్ మీద సంఖ్యారేఖ గీశాను. నడిమధ్య సున్నా, అక్కణ్ణుంచి రెండువైపులా అడుగుల చొప్పున 2, 4, 6, 8. "నువ్వు జీరో మీద, నువ్వు లెఫ్ట్ ఫోర్" అని అరిచేదాన్ని. రెండువారాలు గడిచాక ఒకరోజు హఠాత్తుగా స్ఫురించింది, ఆ గంటన్నరలో 'జీరో' అని ముప్ఫైసార్లయినా అని ఉంటాను, ఎవరూ "వాట్?" అనలేదు. పరుగున వచ్చి సున్నా మీద నిలబడుతున్నారు.

ప్రాంప్ట్ బుక్ అని స్టేజ్ మేనేజర్‌కి ఒక పుస్తకం ఉంటుంది. స్క్రిప్ట్ పేజీ ఒకవైపు, ఎవరి కదలిక ఏమిటి, ఏ మాట మీద ఏ లైటు, ఏ మాట మీద ఏ పాట అన్నది రెండోవైపు. నేను పెన్సిల్‌తో తెలుగులో రాసుకుంటూ పోయాను, వేగంగా రాసేటప్పుడు చెయ్యి అటే వెళ్తుంది. లైట్ బోర్డు నడిపే ఎనిమిదో తరగతి అమ్మాయి అది చూసి, "మీకు జ్వరం వస్తే షో ఎవరు నడుపుతారు, మిస్?" అంది. సరైన ప్రశ్న. ఆ పుస్తకం ఎవరి చేతికిచ్చినా నాటకం నడవాలి, దాని ధర్మమే అది. సెలవుల్లో కూర్చుని మొత్తం ఇంగ్లీషులో తిరగరాశాను. తెలుగు చెరిపినచోట మసకగా ఆనవాళ్లు మిగిలాయి.

ఆ అబ్బాయితో ఒక ఇబ్బంది ఉండేది. పక్కవాళ్లు మాట్లాడుతుంటే వాడి పెదాలు కదిలేవి. పిల్లల నాటకాల్లో తరచూ వచ్చే లోపమే ఇది, ప్రేక్షకుల కళ్లు అటు పోతాయి. "పెదాలు" అని మ్యూజిక్ టీచర్ హాలు వెనకనుంచి హెచ్చరించేవారు. ఒక నిమిషం ఆపేవాడు, మళ్లీ మొదలు. విడిగా పిలిచి అడిగితే తన పుస్తకం తెరిచి చూపించాడు. ప్రతి పేజీలో, అందరి వాక్యాల కిందా, ఇంగ్లీషు మాటల ఉచ్చారణను స్పానిష్ తీరులో సన్నటి అక్షరాలతో రాసుకున్నాడు. చిన్నప్పుడు నా ఇంగ్లీషు వాచకంలో నేను తెలుగు అక్షరాలతో అచ్చం ఇలాగే రాసుకున్నాను. గంట నిడివి నాటకం మొత్తం వాడికి నోటికి వచ్చు. వాడికి ఇంగ్లీషు వస్తున్నదే అలా. ఇంక పెదాల గురించి ఏమనాలో నాకు తోచలేదు. "మనసులో చెప్పుకో" అన్నాను, అంతే.

మార్చిలో టెక్ వీక్. లైట్లు, మైకులు, దుస్తులు అన్నీ కలిపి చేసే వారం. మైకు తీగ చెంపకు టేప్‌తో అంటించాలి, ప్రతి ప్రదర్శనకూ కొత్త బ్యాటరీలు వెయ్యాలి. నాకు చెవులకు హెడ్‌సెట్. "లైట్స్ 14, స్టాండ్ బై" (పద్నాలుగో లైటు మార్పుకు సిద్ధంగా ఉండు) అంటే బోర్డు దగ్గర అమ్మాయి "స్టాండింగ్ బై" అనాలి. సరైన క్షణంలో "లైట్స్ 14, గో" అంటాను. హెడ్‌సెట్‌లో ఆ 'గో' అన్న మాట ఇంకెప్పుడూ అనకూడదు. మామూలు మాటల్లో పొరపాటున దొర్లినా ఎవరో ఒకరు మీట నొక్కేస్తారు. ఇంకో పద్ధతి ఉంది. ప్రదర్శనకు ముందు నేను గ్రీన్ రూమ్ తలుపు తీసి "ఫైవ్ మినిట్స్" అంటే లోపలున్న అందరూ "థ్యాంక్యూ, ఫైవ్" అని బదులివ్వాలి. అది మర్యాద కోసం కాదు, విన్నామని చెప్పడానికి. మొదటిసారి 45 గొంతులు ఒక్కసారిగా అలా అన్నప్పుడు తలుపు మూసి ఆ చీకటి నడవలో కాసేపు నిలబడిపోయాను. నేనన్న మాట అందిందని ఈ దేశంలో ఇంతమంది ఒకేసారి నాతో ఎప్పుడూ చెప్పలేదు.

గురువారం ప్రదర్శన చక్కగా సాగింది. శుక్రవారం దుకాణం సన్నివేశంలో ముఖ్యపాత్ర అమ్మాయి తన వాక్యం మర్చిపోయింది. ఆ వాక్యం తర్వాత పాట. రికార్డు చేసిన సంగీతం ఎవరికోసమూ ఆగదు, ఒకసారి మొదలైతే మొదలైనట్టే. ఆ మాట రాకుండా పాట వేస్తే కథలో ఒక ముడి ఎప్పటికీ విడిపోదు. వెయ్యకపోతే నిశ్శబ్దం. "సౌండ్ 9, స్టాండ్ బై" అని అప్పటికే చెప్పేశాను. సౌండ్ బోర్డు దగ్గర పిల్లాడు వేలు మీట మీద పెట్టి నావైపు చూస్తున్నాడు. మూడు క్షణాలు, నాలుగు. నేను నోరు బిగపట్టుకున్నాను.

దుకాణదారు బల్ల మీద బట్టతో తుడుస్తున్నట్టు వంగి, ఆమె వైపు తిరిగి, ఆమె వాక్యాన్నే ప్రశ్నగా మార్చి అడిగాడు, అదేదో తన అనుమానమైనట్టు. అమ్మాయి ముఖం విచ్చుకుంది. "అవును!" అని తన వాక్యం మొత్తం చెప్పేసింది.

"సౌండ్ 9, గో."

శనివారం మధ్యాహ్నం ఆఖరి ప్రదర్శన అవగానే స్ట్రైక్. సెట్టు విప్పడం, బల్లలు మొయ్యడం, దుస్తులు పెట్టెల్లో సర్దడం, నటులూ సాంకేతికులూ తేడా లేకుండా అందరూ చెయ్యాలి. నేను మోకాళ్ల మీద కూర్చుని వేదిక అంచున సంఖ్యారేఖ పీకుతున్నాను. ఆ అబ్బాయి వచ్చి అటువైపు చివర, ఎనిమిది దగ్గర కూర్చుని, గోటితో టేప్ లేపడం మొదలుపెట్టాడు. స్క్రిప్ట్ ఇంటికి తీసుకెళ్లవచ్చా అని అడిగాడు. నీదేనన్నాను.

"మళ్లీ ఆడిషన్లు ఎప్పుడు, మిస్?"

"నవంబరులో."

"అప్పటికి మీరు ఇక్కడే ఉంటారా?"

వేళ్లమీద లెక్కపెట్టుకున్నాను. వచ్చే నవంబరు నా మూడో ఏడు. "ఉంటాను" అన్నాను. తలూపి ఆరు దగ్గరికి జరిగాడు.