రాత్రి రెండున్నరకి మా ఇంట్లో దొంగ

మొన్న మద్దిలపాలెం మా ఇంట్లో దొంగ పడ్డాడు. కరెంటు పోయి, ఉక్కపోతకి మెలకువ వచ్చింది కాబట్టి సరిపోయింది. వంటింటి వైపు గ్రిల్ తాళం విరగ్గొట్టి లోపలికి వచ్చేశాడు. నాన్న రోకలి పట్టుకుని వెళ్లారు, దానికి ఇంకా సాయంత్రం దంచిన కారం అంటుకునే ఉంది. వాడు ఆయన్ని చూసి ఒట్టి చేతులతో గోడ దూకేశాడు. నాన్న వెంటపడి తల మీద ఒకటి వేద్దామనే వెళ్తుంటే నేను చొక్కా పట్టుకుని ఆపాను, ఎందుకో అప్పుడు నాకూ తెలీదు, భయమేసింది అంతే.

పొద్దున్నే మా లాయర్ బాబాయ్ టీ తాగుతూ చెప్పాడు. 2024 జులై 1 నుంచి పాత నేరాల చట్టం ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత వచ్చింది కదా, అందులో 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఆత్మరక్షణ గురించేనట. సూర్యాస్తమయం తర్వాత ఇల్లు పగలగొట్టి వచ్చినవాడిని ఎదుర్కొనేటప్పుడు వాడి ప్రాణం పోయినా 41వ సెక్షన్ మనల్ని కాపాడుతుంది, కానీ అవసరానికి మించి కొడితే కాదు, ఆ మాట 37వ సెక్షన్‌లో ఉంది. పైగా వాడు ఇంట్లో ఉన్నంతసేపే ఆ హక్కు. ఏమీ పట్టుకెళ్లకుండా గోడ దాటి పారిపోయేవాడిని వెనకనుంచి కొడితే కేసు మన మీదే.

"అంటే వాడు లోపల ఉంటేనే కొట్టాలా?" అని నాన్న ఒకటే గొణుగుడు. రోకలి మాత్రం ఇప్పుడు ఆయన మంచం పక్కనే ఉంటోంది, అమ్మ కారానికి మిక్సీ వాడుతోంది.