పంటికి రక్తమెందుకు?

పన్ను పీకించుకుని ఏడాది దాటాక, పోయిన నెల నెల్లూరు ట్రంకు రోడ్డు వైపున్న ఓ క్లినిక్‌లో ఇంప్లాంట్ (పోయిన పన్ను స్థానంలో దవడలో బిగించే స్క్రూ) వేయించుకున్నా. "దవడ ఎముక కొంచెం తగ్గిందండీ, మీ రక్తమే వాడదాం" అన్నారు డాక్టరమ్మ. నాకు టెన్షన్. వెంట వచ్చిన అమ్మయితే "పంటికి రక్తమెందుకు తల్లీ?" అని అడిగేసింది.

చేతి నుంచి రక్తం తీసి, గడ్డకట్టకుండా ఆపే మందేదీ కలపకుండా, గబగబా ట్యూబుల్ని గిర్రున తిప్పే మిషన్‌లో పెట్టారు. 12 నిమిషాల తర్వాత చూపించారు. అడుగున ఎర్ర కణాలు, పైన పసుపు నీళ్లు, మధ్యలో అచ్చం జున్ను ముక్కలాంటి గడ్డ! ఫైబ్రిన్ అనే, రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే పోగుల వలలో చిక్కుకున్న ప్లేట్‌లెట్లట. వాటిలోంచి గాయాన్ని మాన్పే గ్రోత్ ఫ్యాక్టర్లు కొన్ని రోజులపాటు మెల్లగా ఊరుతాయి. దాన్ని కొంత ముక్కలు చేసి ఎముక పొడిలో కలిపి టైటానియం స్క్రూ చుట్టూ కూరారు, మిగతాది అప్పడంలా నొక్కి పైన కప్పి కుట్లేశారు. పిఆర్‌ఎఫ్ (ప్లేట్‌లెట్ రిచ్ ఫైబ్రిన్) అనే ఈ పద్ధతిని 2001లో ఫ్రాన్స్‌లో షుక్రూన్ అనే డాక్టరు బృందం మొదలుపెట్టింది.

నాకు నచ్చిందేంటంటే, డాక్టరమ్మ గొప్పలు చెప్పలేదు. "చిగురు తొందరగా మానుతుంది. ఎముక విషయంలో మాత్రం పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పట్లేదు. సిగరెట్ మానకపోతే ఇదేం కాపాడదు" అన్నారు. (అమ్మ నావైపు చూసిన చూపు వేరే పోస్టు.)

స్క్రూ మీద పన్నులా తొడిగే క్యాప్‌కి ఇంకా 3 నెలలు. నిన్న ఇంట్లో చేపల పులుసు. అమ్మ ముళ్లు తీసి, ముక్క అన్నంలో చిదిపి పెట్టింది. 45 ఏళ్ల మనిషికి.