చాక్‌పీసుల డబ్బాలో చీటీలు

నిన్న తొమ్మిదో తరగతిలో బల్ల మీద ఖాళీ చాక్‌పీసుల డబ్బా పెట్టాను. ఎయిడ్స్ గురించి, ఒంట్లో వస్తున్న మార్పుల గురించి ఏం అడగాలన్నా పేరు లేకుండా చీటీలో రాసి వేయమన్నాను. హైదరాబాద్ బోరబండలో పదకొండేళ్లుగా సైన్స్ చెబుతున్నాను, నోటితో అడగమంటే ఒక్కరూ అడగరు. డబ్బాలో మాత్రం ముప్పై నాలుగు చీటీలు పడ్డాయి.

ఒక చీటీని మడిచి మడిచి శనగగింజంత చేశారు. విప్పేసరికి వేళ్లకు సుద్దపొడి అంటింది. లోపల ఒకటే లైను: "దోమ కుడితే ఎయిడ్స్ వస్తదా మేడం".

కొందరు నవ్వారు. నవ్వొద్దన్నాను. మన ఊరి పిల్లలు అడగాల్సిన ప్రశ్నే అది. 1897లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టింది సికింద్రాబాద్‌లోనే. మరి మలేరియా వస్తే ఎయిడ్స్ ఎందుకు రాదు? బోర్డు మీద దోమ తొండం పెద్దగా గీసి, అందులో రెండు గొట్టాలు చూపించాను. ఒకదాంట్లోంచి మన రక్తం పైకి పోతుంది, రెండోదాంట్లోంచి దాని లాలాజలం మనలోకి దిగుతుంది. మలేరియా క్రిమి దోమలో పెరిగి ఆ లాలాజలంలోకి చేరుతుంది. ఎయిడ్స్ తెచ్చే వైరస్ హెచ్‌ఐవి మాత్రం దోమలో బతకదు. కండోమ్ లేని లైంగిక సంబంధం, ఒకరికి వాడిన సూది, పరీక్ష చేయని రక్తం, తల్లి నుంచి బిడ్డకు... అది వచ్చే దారులు ఇవి. కండోమ్ అనగానే అందరూ తలలు దించుకున్నారు. థర్మామీటర్ అన్నంత మామూలుగా ఆ మాట మళ్లీ అన్నాను.

మా చిన్నప్పుడు పునరుత్పత్తి పాఠం రాగానే సారు "ఇంటి దగ్గర చదువుకోండి" అని పేజీలు తిప్పేశారు. పెళ్లయ్యాక తెల్లబట్ట ఎక్కువై దురద పెడుతుంటే, డాక్టరమ్మకు ఏ మాటల్లో చెప్పాలో తెలియక ఏడాది ఓర్చుకున్నాను. వారం మందులతో తగ్గిపోయింది. ఆ ఏడాది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

సాయంత్రం గేటు దగ్గర ఒక తల్లి ఆపింది. "ఇవన్నీ చెప్తే పిల్లలు ఖరాబైతరు మేడం." ఆమె భయం నాకు అర్థమైంది, కెన్యా సంగతి చెప్పాను. అక్కడి బడుల్లో పెళ్లిదాకా ఆగమని చెప్పే పాఠంతో పెద్దగా తేడా రాలేదు. వయసులో తమకంటే పెద్దవాళ్లైన మగవాళ్లలో హెచ్‌ఐవి ఎంత ఎక్కువో అంకెలతో చెప్పిన బడుల్లో మాత్రం ఆడపిల్లలు గర్భవతులవడం 28 శాతం తగ్గింది. ఫోన్ రీఛార్జ్ చేయించి, బండి మీద దింపి దగ్గరయ్యే పెద్దవాళ్లు మన బస్తీలోనూ ఉన్నారు కదమ్మా అన్నాను. ఆమె కాసేపు మాట్లాడలేదు.

ఒక చీటీ మాత్రం పైకి చదవలేదు. ఇంట్లో ఒకరికి ఉందట, ఒకే కంచంలో తింటే వస్తుందా అని. చేతిరాత ఎవరిదో పోల్చుకోవాలని చూడలేదు. ఎవరో బయట అడిగారన్నట్టుగా మొదలుపెట్టి చెప్పాను: కలిసి తిన్నా, పక్కన పడుకున్నా, ముద్దాడినా రాదు. మందులు సర్కారు దవాఖానాలో ఉచితం, రోజూ వేసుకుంటే నిండు నూరేళ్లూ బతకొచ్చు. బోర్డు మీద ఎయిడ్స్ హెల్ప్‌లైన్ నంబరు 1097 అని పెద్దగా రాసి, ఎవరి వైపూ చూడకుండా, అందరినీ నోట్సులో ఎక్కించుకోమన్నాను.